కాపరు రాయీ, సోఫా గుడ్డ కోటూ

ఆ రోజు షెడ్డులో ఉన్నవి, ఉన్నవాళ్ళు: కోసి చీల్చిన పలకరాయి బిళ్ళలు రెండువేల నాలుగు వందలు. వాటిని సర్దడానికి చెక్కపెట్టెలు నూట ఇరవై. నీళ్ళ బకెట్లు రెండు, తడిగుడ్డలు ఐదు, రంగుల చార్టు ఒకటి. గోడ మేకులకు పాత తెల్లచొక్కాలు ఆరు. ఆడవాళ్ళు నలుగురు, వాళ్ళ మీద పెత్తనం చేసే గుడ్డ పెద్దమ్మ ఒకరు. నేను. నా ఒంటి మీద కోటు. ఈ జాబితాను ఆ రోజు పొద్దున కూడా రాసుకున్నాను (ఏ పని మొదలుపెట్టినా జాబితా రాసుకోవడం నాకు అలవాటు), కానీ చివరి వస్తువును రాయలేదు. ఒంటి మీద ఉన్నది పనిముట్ల లెక్కలోకి వస్తుందని పాలిటెక్నిక్‌లో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "ఆరేండ్ల కిందటి మాటకి ఆ రోజులేందిరా? నీ పెరుగు గిన్నె అంతకంటే పాతది" అంటుంది. నిజమే. కానీ ఇరవై ఒకటో ఏట మనిషి పడే భయాలు ఇరవై ఏడుకి ఎంత దూరమైపోతాయంటే, అవి ఇంకెవరివో అనిపిస్తాయి. ఆ రోజుల్లో నాకు రాత్రి పడుకునే ముందు భయాలను ఒకటి, రెండు, మూడు అని వేసుకునే అలవాటు కూడా ఉండేది. అక్టోబరు నెలంతా మొదటి నంబరు మారలేదు: దీపావళి.

పండగంటే భయమేమిటని అడగవచ్చు. మార్కాపురంలో మా శెట్టిగారి పలకరాళ్ళ ఫ్యాక్టరీ తర్లుపాడు రోడ్డు మీద ఉంది. డిప్లొమా చేతికి రాగానే నన్ను అందులో చేర్చుకుంటూ ఆయన, "దీపావళి దాకా చూస్తా. పని తెలిసినోడివైతే ఉంటావు, లేకుంటే టపాకాయలు కొనిచ్చి పంపిస్తా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. నాయన అప్పటికే బజారులో కనిపించిన ప్రతివాడితో "మావోడు ఇంజినీరు" అని చెప్పేశాడు. ఉద్యోగం ఊడితే, డిప్లొమా చదివి రాళ్ళు ఏరే పని కూడా నిలుపుకోలేకపోయాడన్న మాట నా కంటే ముందు ఇంటికి చేరుతుంది.

పనిలో నాకు వచ్చినవి వచ్చు. బిళ్ళ మందం వెర్నియర్‌తో కొలుస్తాను. మూలలు మట్టంగా ఉన్నాయో లేదో చూస్తాను. పగులుందేమోనని గోరుతో తట్టి వింటాను. రానిది ఒక్కటే, ఛాయ తేల్చడం. మా రాళ్ళలో ఎక్కువ భాగం బూడిదరంగు, కొంత ఆకుపచ్చ కలిసిన బూడిద. ఎక్కడో పదింటిలో ఒకటి రెండింటికి రాగిరంగు జీర ఉంటుంది. దాన్ని మా షెడ్డులో కాపరు అంటారు. ధర ఎక్కువ, గిరాకీ ఎక్కువ. రాయి పొడిగా ఉన్నప్పుడు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. తడిగుడ్డతో తుడిస్తేనే అసలు రంగు బయటపడుతుంది. ఆ క్షణంలో చూసి ఇది కాపరు, ఇది కాదు అని చెప్పేది పెద్దమ్మ. ఎప్పుడూ భుజం మీద తడిగుడ్డ ఉంటుంది కనుక గుడ్డ పెద్దమ్మ అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చూసి చెప్పిందాన్ని ఎవరూ తిప్పి అడగలేదు. నేను అడిగాను. రంగుల చార్టు తయారుచేసి తెచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది నాయనా, బీరువా మీద అతికించుకో" అన్నది.

ఇక కోటు సంగతి. అక్టోబరు వస్తే చాలు, నా ఫోనులో మనుషులంతా ఒక్కసారి మారిపోయేవారు. మొన్నటిదాకా చేతుల్లేని బనియన్లలో ఉన్నవాళ్ళు పొడుగు కోట్లు, మెడకు మఫ్లర్లు, ఇటుకరంగు, ఆవపిండిరంగు, ఖర్జూరంరంగు బట్టలు వేసుకుని, రాలిన ఆకుల మీద నడుచుకుంటూ వెళ్ళిపోయేవారు. ఎక్కడికి వెళుతున్నారో తెలియదు, కానీ వాళ్ళ ఉద్యోగాలు ఊడవని మాత్రం చూడగానే తెలిసిపోయేది. నాకు కావలసింది సరిగ్గా అదే. అక్టోబరులో మా దగ్గర ఏమవుతుందో నాకు తెలియక కాదు. పొద్దున ఉక్క, మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన, సాయంత్రం మళ్ళీ ఉక్క. కందిచేలు పచ్చగా ఉంటాయి. నల్లమలలో ఆకు రాలేది శివరాత్రి రోజుల్లో, అప్పటిదాకా కొండ పచ్చగానే ఉంటుంది. ఈ తేడాను నేను గమనించాను. తప్పు కొండదే అనుకున్నాను.

ఫోన్లో బొమ్మ పట్టుకుని మా వీధి టైలర్ బాబాయి దగ్గరికి వెళ్ళాను. కొలతలు, జేబుల సంఖ్య, బొత్తాల మధ్య దూరం ముందే కాగితం మీద వేసుకున్నాను. బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఈయన యాడుంటాడు నాయనా?"

"ఎక్కడో విదేశంలో, బాబాయ్."

"ఆడ మంచు పడతాదా?"

"పడుతుందేమో."

"మరి మనకాడ?"

నేను బొత్తాల మధ్య దూరం గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన విని, "కుట్టేది కుడతా. గుడ్డతోనే చిక్కు. ఇంత మందం గుడ్డ మన బజార్లో కోట్లకి దొరకదు, సోఫాలకి దొరుకుతాది" అన్నాడు. అలా సోఫా కవర్ల గుడ్డ కొన్నాం. సరిగ్గా ఇటుకరంగు. పైన సన్నని మెరుపు కూడా ఉంది. ఒక పక్కనుంచి చూస్తే పట్టులా, ఇంకో పక్కనుంచి చూస్తే డాక్టరు గారి ముందుగదిలా ఉండేది. మోకాళ్ళ దాకా కోటు కుట్టగా మిగిలిన ముక్కను పారేయడం ఇష్టంలేక బాబాయి ఒక దిండు గలీబు కుట్టి ఇచ్చాడు. "జత కుదిరింది. నిద్రొస్తే చెయ్యి మీదనే పండుకోవచ్చు" అన్నాడు.

దీపావళికి తొమ్మిది రోజులుండగా శెట్టిగారు పనిమీద ఒంగోలు వెళుతూ ఆ రోజు పనంతా నాకు అప్పగించారు. మద్రాసు పార్టీ ఎన్ని కాపరు పెట్టెలుంటే అన్నీ తీసుకుంటుందట, మర్నాడు పది గంటలకు లారీ వస్తుందట, లెక్క సాయంత్రానికి చెప్పాలట. ఇదే నా పరీక్ష అని ఆయన అనలేదు, నేను అనుకున్నాను. కాబట్టి ఆ రోజే కోటు బయటికి తీశాను. లోపల ఆవపిండిరంగు టీషర్టు, ఖర్జూరంరంగు ప్యాంటు, మెడలో మఫ్లరు (అది నాయనది, కార్తీకమాసంలో తెల్లవారుజామున తలకు చుట్టుకునేది). కొత్తబట్ట ఉత్తగా కట్టకూడదని అమ్మ కోటు లోపలి అంచుకు పసుపు పెట్టింది. సరిగ్గా ఎనిమిది నలభైకి కోటు తొడుక్కున్నాను. నాయన పేపరు దించి చూసి, "జొరమొచ్చిందా?" అన్నాడు.

అది జ్వరాల కాలం. ఆ సంగతి నా జాబితాలో లేదు. ఆటో ఎక్కితే పక్కనున్న పెద్దావిడ కొంచెం జరిగి కూర్చుని, "చలిజొరమా నాయనా? రక్తపరీచ్చ చేయించినావా?" అని అడిగింది. లేదమ్మా, ఇది ఫ్యాషన్ అన్నాను. "పాపం, మాట గూడ తేడాగా వస్తాంది" అని ఆమె ఆటోవాడితో చెప్పింది. ఆటోవాడు అద్దంలో నన్ను చూస్తూ నెమ్మదిగా నడిపాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి నాకు నిజంగానే ఒళ్ళు వెచ్చబడినట్టనిపించింది. నాడి చూసుకున్నాను. తొంభై ఆరు.

షెడ్డులోకి వెళ్ళేసరికి ఆడవాళ్ళు చీరల మీద తెల్లచొక్కాలు తొడుక్కుంటున్నారు. పాతవి, ఉతికి ఉతికి బట్ట పలచబడ్డవి, మగవాళ్ళ చొక్కాలు. దుమ్ముకు వేసుకుంటారనుకునేవాణ్ణి. మూడు నెలలుగా చూస్తున్నా ఎందుకని అడగలేదు. పెద్దమ్మ నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"నాయనా, ఆ కోటు తీసేయ్."

"ఎందుకు పెద్దమ్మా? బాగాలేదా?"

"బాగుండాదో బాగలేదో నాకేం ఎరుక? తీసేసి ఈ చొక్కా ఏసుకో." మేకుకు మిగిలిన ఆరో చొక్కా తీసి చాపింది. కాలరు సగం ఊడి వేలాడుతోంది. అక్టోబరు అంతా కలలుగని, సోఫా గుడ్డ వెతికి, పరీక్ష రోజున ఆ కాలరు మెడకు తగిలించుకోవడమా? వద్దన్నాను. ఆమె ఇంకో రెండుసార్లు చెప్పింది. మూడోసారి కొంచెం విసుగ్గా చెప్పింది. నేను దాన్ని పాతకాలం వాళ్ళ ఎగతాళి లెక్కలో వేసుకున్నాను. పదకొండింటికి ఆమె గిద్దలూరు బస్సెక్కాలి, కూతురు పురిటికి ఆసుపత్రిలో ఉంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "రాయి చూసేటప్పుడన్నా తీసేయ్" అన్నది. ఆ మాటను నేను పూర్తిగా వినలేదు. చార్టును బల్లకు పిన్నులతో గుచ్చే పనిలో ఉన్నాను.

మా బల్ల పైన కప్పులో ఒక రేకు తీసి తెల్లటి ప్లాస్టిక్ రేకు వేశారు, వెలుతురు కోసం. ఆ వెలుతురు సూటిగా వచ్చి బల్ల ముందు నిలబడ్డవాడి మీద పడుతుంది. నిలబడ్డవాణ్ణి నేను. ఒకరు బిళ్ళ తుడిచి నా ముందు పెడతారు, నేను వంగి చూసి చెబుతాను, మిగతా ముగ్గురు తీసుకుపోయి పెట్టెలో సర్దుతారు. మొదటి బిళ్ళ కాపరు. రెండోది కాపరు. మూడోదీ కాపరే. చార్టుతో సరిచూశాను, చక్కగా సరిపోయింది. పది బిళ్ళలు చూసేసరికి తుడిచే అక్క ఆగింది.

"సార్, ఇది కాపరు మాదిరి లేదు గదా?"

"ఇటువైపు వచ్చి చూడక్కా."

ఆమె వచ్చి నా పక్కన నిలబడి, నాతో పాటు వంగి చూసింది. "అవ్ సార్. ఈడనించి చూస్తే కాపరే" అని తన చోటికి పోయింది. రెండోసారి అడగలేదు. ఛాయ విషయంలో ఒక మనిషిని ఒప్పించడం నా ఉద్యోగంలో అదే మొదలు. గర్వంగా అనిపించింది.

నాలుగున్నరకి లెక్క తేలింది: నూట ఇరవై పెట్టెల్లో కాపరు తొంభై ఆరు. (పొద్దున నా నాడి కూడా అంతే. అప్పుడు తట్టలేదు.) పదింటిలో ఒకటి రెండు రావలసిన రాయి పదింటిలో ఎనిమిది వచ్చింది. చదువుకున్నవాడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. నేను కూడా ఆగాను. నాలుగు బిళ్ళలు మళ్ళీ తీసి, తడిపి, వంగి చూశాను. కాపరే. ఇక శెట్టిగారికి ఫోన్ చేశాను.

"ఎన్నీ?" అన్నారాయన.

"తొంభై ఆరు, శెట్టిగారూ."

"ఏ కొండ తవ్వినావు అబ్బయా! ఉండుండు, మద్రాసాయనకి ఇప్పుడే చెప్తా. చిన్న లారీ చాలదు, పెద్దది పంపమంటా." ఫోను పెట్టబోతూ, "నిన్ను చూస్తే అనుకోలేదబ్బా" అన్నారు. ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను. సుమారు ఇరవై నిమిషాలు అది నాదే.

ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. వాన పడి వెలిసింది, ఉక్క ఇంకా పెరిగింది. నాలుగు యాభైకి, ఇక చూసేవాళ్ళెవరూ లేరు కదా అని కోటు విప్పి కుర్చీకి తగిలించాను. టిఫిన్ డబ్బా తీసుకోవడానికి బల్ల దగ్గరికి వెళితే, చివరగా చూసిన బిళ్ళ ఇంకా తడిగా అక్కడే ఉంది. బూడిదరంగులో. ఎవరో మార్చారనుకున్నాను. షెడ్డులో ఎవరూ లేరు. కుర్చీ మీది కోటు తీసి ఒంటికి ఆనించుకుని వంగాను. కాపరు. కోటు పక్కకు పెట్టాను. బూడిద. ఆనించాను, కాపరు. తీశాను, బూడిద. ఏ ప్రయోగమైనా మూడుసార్లు చేసి చూడాలని మా ల్యాబులో నేర్పారు కాబట్టి మూడోసారి కూడా చేశాను. తడిరాయి అద్దం లాంటిది. పగలంతా నేను రాతిలో చూసింది నా కోటునే. చార్టు సంగతీ అంతే, దాని మీద వేసిన ప్లాస్టిక్ కాగితంలోనూ నేనే. తెల్లచొక్కాలు దుమ్ము కోసం కాదు.

అక్కడే బకెట్ బోర్లించి కూర్చుని కాగితం తీశాను. ఒకటి: ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం. మద్రాసులో పెట్టెలు విప్పితే ఫ్యాక్టరీ పేరు పోతుంది. రెండు: శెట్టిగారికి చెప్పడం. ఉద్యోగం పోతుంది. మూడు: జ్వరం. మూడో దాని కింద గీత గీశాను, ఆటోలో సాక్షులు కూడా ఉన్నారు. కానీ జ్వరం వచ్చినా లారీ ఆగదు. చివరికి పెద్దమ్మ కూతురి నంబరు వెతికి గిద్దలూరుకు ఫోన్ చేశాను. జరిగిందంతా వరసగా చెప్పాను. అవతల వెక్కిళ్ళ లాంటి చప్పుడు. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

"తీసెయ్యమంటి గదరా అబ్బయా! ఒకసారా, మూడు సార్లు చెప్తి!"

"ఎందుకో చెప్పలేదు కదా పెద్దమ్మా."

"చెప్పేదేంది అందులో? ఎండలో గొడుగు ఎందుకని చెప్తారా ఎవురన్నా? సరే, చీకటి పడతా ఉండాది, ఇప్పుడు రాయి చూసేది కుదరదు. తెల్లారి మొదటి బస్సుకి వస్తా. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా బాగుండారు. శెట్టికి చెప్పినావా?"

"మీరు వచ్చాక చెబుదామని..."

"నేనొచ్చేది రాళ్ళు చూసేదానికి. నీ మాట నేను చెప్పను. ఫోన్ పెట్టి ఆయనకి చెయ్యి."

చేశాను. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని చదివాను.

"కోటు వల్లనా?" అన్నారు శెట్టిగారు.

"అవునండీ."

"ఎంత పొడుగు కోటు?"

"మోకాళ్ళ దాకా."

"అంతేలే మరి. చిన్న కోటయ్యుంటే యాభై పెట్టెలతో పోయేది." ఇది నవ్వాల్సిన మాటో కాదో నాకు తెలియలేదు. ఆయన గొంతు మారింది. "నేను తొంభై ఆరని మాట ఇచ్చినా ఇంజినీరూ. ఆ మాట నాది, నీది కాదు. పొద్దున వస్తా" అని పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఇంటికి వెళుతుంటే అదే ఆటో దొరికింది. కోటు చేతి మీద వేసుకున్నాను. "జొరం తగ్గినట్టుండాదే!" అన్నాడు ఆటోవాడు.

మర్నాడు ఆరున్నరకు పెద్దమ్మ దిగింది, పురిటింటి సంచితోనే. మిగతా నలుగురినీ ఫోన్లలో తనే లేపి రప్పించింది. ఆమె చెప్పకుండానే నేను ఆరో చొక్కా తీసి తొడుక్కున్నాను. కాలరు ఊడిన చోట మెడకు చల్లగా తగిలింది. ఆమె నన్ను చూసి, "ఇప్పుడు మనిషి మాదిరి ఉండావు" అని బల్ల ముందు నిలబడింది. బిళ్ళ వస్తుంది, గుడ్డ తిరుగుతుంది, "కాదు", "కాదు", "కాదు", "ఊఁ". నేను పక్కన నిలబడి ప్రతి "కాదు"కూ పెట్టె మార్చాను. వెయ్యి తొమ్మిది వందల ఇరవై బిళ్ళలు. అందులో నిన్న నేను "ఖాయంగా కాపరు" అని సుద్దతో గుర్తు పెట్టినవి కూడా ఉన్నాయి. వాటిని ఆమె కొంచెం గట్టిగా "కాదు" అన్నట్టు నాకనిపించింది.

ఎనిమిదికి శెట్టిగారు వచ్చి చూస్తూ నిలబడ్డారు. తొమ్మిదీ నలభైకి పని అయింది. పదింటికి లారీ వచ్చింది, శెట్టిగారు చెప్పినంత పెద్దది. దాని మూలన పదిహేడు పెట్టెలు సర్దారు. డ్రైవరు లోపలికి తొంగి చూసి, "ఇంతేనా? దీనికి ఆటో చాలదా సామీ?" అన్నాడు. శెట్టిగారు నా వైపు చూడలేదు. నేను చొక్కా బొత్తాలు లెక్కపెడుతూ నిలబడ్డాను. నాలుగున్నాయి, ఆరుండాలి.

దీపావళి పొద్దున ఆయన నన్ను పిలిచారు. బల్ల మీద టపాకాయల పొట్లం ఉంది. అయిపోయిందనుకున్నాను. "ఇవి ఇంటికి తీసుకుపో, అందరికీ ఇస్తున్నా" అన్నారు. తరువాత, "ఉంచుకునేదానికి ధైర్యం లేదు, పంపేదానికి మనసు లేదు. ఆ రోజు నువ్వే ఫోన్ చేసినావు గాబట్టి ఒక మాట చెప్తా. శివరాత్రి దాకా పెద్దమ్మ పక్కన కూర్చో. ఆమె సరే అంటే సరే" అన్నారు. అలా నాలుగు నెలలు తెల్లచొక్కా వేసుకుని, నోరు మూసుకుని, తడిరాళ్ళు చూశాను. రాయి చూసే ముందు మన మీద ఏముందో చూసుకోవాలని నేర్చుకున్నది అప్పుడే. చేతికి ఉన్న ఎర్రదారం కూడా విప్పించింది పెద్దమ్మ. శివరాత్రి వెళ్ళిన వారానికి శెట్టిగారు షెడ్డులోకి వచ్చి "ఏమంటావు?" అని అడిగితే, ఆమె గుడ్డ పిండుతూ "ఉండనీలే" అన్నది. అంతే. ఆ రోజు కొండ వైపునుంచి గాలి వీస్తోంది. ఎండిన ఆకులు ఎగిరొచ్చి తడిబల్లకు అతుక్కున్నాయి. ఇటుకరంగువి, ఆవపిండిరంగువి, ఖర్జూరంరంగువి. ఫోన్లో చూసినవన్నీ వచ్చాయి, నాలుగు నెలలు ఆలస్యంగా. వాటి మధ్య నేను ఊడిన కాలరుతో నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఆ బల్ల ముందు నిలబడేది నేనే. పెద్దమ్మ మనవరాలితో గిద్దలూరులో ఉంటోంది. ఏదైనా రాయి తేలకపోతే ఫోన్ చేస్తాను, ముందు "ఏం ఏసుకున్నావు?" అని అడుగుతుంది. అక్టోబరు వస్తే నా ఫోనులో మనుషులు ఇంకా కోట్లు వేసుకుని ఆకుల మీద నడుస్తూనే ఉన్నారు. అప్పుడప్పుడు తలుపు వేసుకుని నా కోటు కూడా బీరువాలోంచి తీసి, తొడుక్కోకుండా, కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తాను. పక్కనున్న తెల్లగోడ కొంచెం ఎర్రబడుతుంది. ఎదురుగా ఏం పెట్టినా తన రంగే చూసుకుని, తొంభై ఆరు పెట్టెలు దొరికాయని సంబరపడ్డ ఆ కుర్రాడి మీద నాకిప్పుడు కోపం లేదు. భుజాల దగ్గర కుట్టు కూడా బాగా కుదిరింది, టైలర్ బాబాయికి ఆ మాట చెప్పాల్సింది.

దిండు గలీబును అమ్మ రోజూ వాడుతుంది. దాని వాడకం ఆరేళ్ళు. కోటు వాడకం ఎనిమిది గంటల పది నిమిషాలు.